మా మామయ్య గ్రామసింహమైన వైనం

మొన్న నరసరావుపేటలో పశువుల డాక్టరు, మా మనవరాలు వీధిలోంచి ఎత్తుకొచ్చిన కుక్కపిల్లను అటూ ఇటూ తిప్పి చూసి ఇది ఏ జాతని అడిగితే, ఆ పిల్ల చిన్నబుచ్చుకుని మాంగ్రెల్, అంటే ఏ జాతీ కాదు, అంది. నేను ఊరుకోగలనా! గ్రామసింహమండీ అని గట్టిగా అనేశాను. ఎన్నేళ్లయిందో ఆ మాట నా నోట పలికి! ఇంటికొచ్చేదాకా ఆటోలో నాకు నవ్వు ఆగలేదు, మనవరాలికి కథ చెప్పడమూ ఆపలేదు.

నా ఈడు వాళ్లకు పంచాయతీ ఎన్నికలంటే గోడల మీద జేగురు రంగు రాతలే గుర్తుకొస్తాయి. గురజాల దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఆ ఏడు మా మేనమామ ప్రెసిడెంటుగా నిలబడ్డాడు. ఎదుటి పార్టీ ఆయన అప్పటికే ఊరంతా తన పేరు ముందు పులిబిడ్డ అని రాయించుకున్నాడు. పులిని మించింది సింహమే కదా, మనది గ్రామ పంచాయతీ కదా అని మామయ్య సొంతంగా ఆలోచించి, ఎవర్నీ అడక్కుండా, సెంటర్లో పెద్ద గోడకు సున్నం కొట్టించి, తన పేరు ముందు గ్రామసింహం అని మనిషెత్తు అక్షరాలతో రాయించాడు. మా పిల్లమూకకైతే ఆనందం పట్టలేదు. సింహం మేనకోడలినని నేను బడిలో ఎంత పోజు కొట్టానో!

మర్నాడు పొద్దున్నే డప్పులు వినిపిస్తే వీధిలోకి పరిగెత్తాను. ఎదుటి పార్టీ వాళ్లు గోడ కింద పడుకునే ఊరకుక్క మెడలో బంతిపూల దండ వేసి, గ్రామసింహానికీ జై అంటూ ఊరేగిస్తున్నారు. పాపం ఆ కుక్క కూడా సంబరంగా తోకాడిస్తోంది. మాకేమీ అర్థం కాలేదు. కాస్త సంస్కృతం చదువుకున్న మా తాతయ్య అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఓరి నీ దుంప తెగ, గ్రామసింహమంటే కుక్కరా! అడవికి సింహమెట్టాగో ఊరికి కుక్కట్టాగని పెద్దోళ్లు పెట్టిన పేరు. ఎగతాళీ అదే, గౌరవమూ అదే. రాయించేముందు నన్నొక్కమాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

మామయ్య గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అన్నం తినలేదు. నామినేషను వెనక్కి తీసుకుంటానన్నాడు. ఇంటిల్లిపాదీ తిండి మానేసినంత పని చేశాం. రాతను చెరిపించమంటారా అని అత్తయ్య తలుపవతల నిలబడి అడిగితే లోపల గడియ కూడా బిగించాడు. సాయంత్రం సెంటర్లో మా వాళ్ల మీటింగు ఉంది, మైకు కూడా కట్టేశారు. జనమైతే మామయ్య మాట వినడానికి కాదు, ఆయన మొహం చూడటానికి విరగబడి వచ్చారు. ఇక రాడనుకుంటుండగా తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి, ఆ గోడకే ఆనుకుని నిలబడి మైకందుకున్నాడు.

"అవునయ్యా, కుక్కనే. నాకు తెలవక రాయించా, తెలిసినాక చెరపబుద్ధి కాలా. పులి ఊళ్లోకొస్తే ఏం చేసుద్ది? దూడని ఎత్తుకుపోద్ది. కుక్కయితే మీ వాకిట్లో పడుంటది, దొంగొస్తే మొరుగుద్ది. ఏది కావాలో మీరే తేల్చుకోండి!"

అబ్బ, ఆ ఈలలు! ఆ కేకలు! మా అత్తయ్య ఏడుస్తూ నవ్వింది. నేను అరిచిన అరుపులకు రెండ్రోజులు గొంతు పెగల్లేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు పులకరిస్తోంది.

మామయ్య గెలిచాడు. గెలిపించిన వాళ్లు ఆ మాటను ఊరికే వదిలిపెట్టలేదు. సాగర్ కాలవ నీళ్లు చివరి పొలాలకు అందకపోతే చాలు, ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి "ఏంది పెసిడెంటూ, మొరగట్లేదేంది?" అనేవాళ్లు. ఆయన కోపగించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తింటున్న కంచం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని, కండువా భుజాన వేసుకుని వాళ్ల వెంట కాలవ ఆఫీసుకు బయల్దేరేవాడు.

ఇప్పుడు మా పల్నాడులో ఏ సెంటర్లో చూసినా ఫ్లెక్సీల నిండా పులులే, సింహాలే. వాళ్లలో ఒక్కరి గుమ్మంలో నిలబడి మొరగవేమయ్యా అని అడగగలిగే మనిషి ఎక్కడైనా ఉన్నాడా అని వెతుక్కుంటున్నాను.