గంగారాంను గోల్‌లోకి రివర్స్ చేయించిన వైనం

ఒక మనిషి కుడిచెయ్యి నాలుగుసార్లు ఊపి ఎంత నాశనం చేయగలడో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ చెయ్యి నాదే. ఇప్పటికీ అన్నం తింటూ మధ్యలో ఆగి దాన్ని అనుమానంగా చూస్తుంటాను.

కరోనా సద్దుమణిగాక వచ్చిన చలికాలం అది. గల్ఫ్‌లో మేము పనిచేసే ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో మా కంపెనీ క్యాంపుల మధ్య ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. మా టీమంతా జగిత్యాల వైపు వాళ్ళం, బుద్ధెరిగాక ఆడింది కబడ్డీ ఒక్కటే. మొదటి మ్యాచ్‌లోనే మావాడొకడు ఎదుటివాడి కాలు దొరకబుచ్చుకున్నాడు. రిఫరీ ఎంత ఈల వేసినా, అవతలివాడికి దమ్ము అయిపోయేదాకా వదలడట. అలాంటి మేము ఎలాగో కిందామీదా పడి ఫైనల్‌కు వచ్చామని తెలిసి ముదీర్, అంటే మా మేనేజరు, నోరెళ్ళబెట్టాడు. కప్పు గెలిచిన టీమంతటికీ అడిగిన నెలలో లీవ్ అని ప్రకటించింది ఆయనే మరి.

మిగతావాళ్ళ సంగతేమో గానీ, గంగారాంకు ఆ లీవు ప్రాణంతో సమానం. ట్రైలర్ డ్రైవరు, మా టీమ్‌లో డిఫెండరు. కొడుకు పుట్టిన దగ్గర్నుంచీ ఫోన్లో చూడటమే తప్ప ఎత్తుకున్నది లేదు. వచ్చే నెలలో పిల్లాడి మొదటి పుట్టినరోజు.

"లింగన్నా, గోల్ల నువ్వున్నవనే నా ధైర్యం. కప్పు గెలువాలె, నేను ఇంటికి పోవాలె," అన్నాడు ఫైనల్ రోజు.

"నేనుండంగ నీకేం ఫికరు లేదు," అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి, నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

నా పని ఏమిటో చెప్పలేదు కదూ. యార్డులో ట్రైలర్లను వెనక్కి తీయించే సిగ్నల్‌మ్యాన్‌ని. గంగారాం బండిని రోజూ రివర్స్ చేయించేది నేనే. బండి వస్తుంటే దాని వెనక నిలబడకూడదు. పక్కకు తప్పుకుని చెయ్యి ఊపాలి. ఈ నియమం నా ఎముకల్లో ఇంకిపోయింది.

ఆట చివరికొచ్చింది. చెరొక గోల్. మా గోల్ ముందు గంగారాం బంతిని అరికాలి కింద పెట్టుకుని, మీదికొస్తున్న ఇద్దరి మీంచి చూపు తిప్పకుండా, దాన్ని వెనక్కి లాక్కుంటూ వస్తున్నాడు. తల తిప్పకుండానే అడిగాడు.

"లింగన్నా, ఎనుక క్లియరేనా?"

ఇక నన్నెవరు కాపాడతారు. రోజూ వినే గొంతు, రోజూ అడిగే మాట. నా చెయ్యి దానంతట అదే లేచి, రా రమ్మని ఊగడం మొదలుపెట్టింది.

"క్లియర్. ఆనే దో, ఆనే దో."

వాడొస్తున్నాడు. నేను పద్ధతిగా పక్కకు తప్పుకున్నాను. గోల్ వదిలేసి, స్తంభం అవతలికి.

"ఇంకింత రానా?"

"ఆనే దో. జర లెఫ్ట్ కొట్టు. ఆఁ, సీదా. బస్."

బస్ అనేసరికి గంగారాం వీపు వలకు తగిలింది. బంతి కూడా వాడితోపాటే లోపలికి వచ్చేసింది. తరుముకొచ్చిన ఆ ఇద్దరూ, వీళ్ళకేమన్నా అయిందా అన్నట్టు ఆగిపోయారు. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

"నువ్వేడున్నవన్నా?" అన్నాడు గంగారాం మెల్లగా.

"సైడుకున్న."

"మరి గోల్ల ఎవరున్నరు?"

రిఫరీ అప్పుడు తేరుకుని గోల్ ఈల, దాని వెనకే ఆట ముగిసిన ఈల ఊదాడు. ముదీర్ "ఖలాస్" అని కుర్చీలోంచి లేచాడు.

గంగారాం నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. గదిలో కొడుకు ఫొటో చూసుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు ముదీర్ కాళ్ళావేళ్ళా పడి, పుట్టినరోజు నెల మొదటి తేదీ నుంచే నాకున్న లీవును వాడికి మార్పించాను. వాడు విమానమెక్కిన మర్నాడే అర్జంటు పని వచ్చిపడి, గెలిచినవాళ్ళవి సహా మిగతా లీవులన్నీ బంద్ చేశారు. గెలిచిన టీమ్ కప్పును ముందు పెట్టుకుని ఓవర్‌టైమ్ చేసింది.

పుట్టినరోజునాడు వీడియో కాల్ వచ్చింది. గంగారాం చంకలో కొడుకు. వాడి భార్య ఫోన్ అందుకుంది.

"అన్నా, గెల్సినోళ్ళు ఆడ్నే ఉండిపోయిన్రట గద. మీరు గెల్సుంటే ఈయన గూడ రాకపోతుండె. మంచిగ ఓడగొట్టినవ్."

నేను నిర్ఘాంతపోయాను. తేరుకుని, అంతా ముందే ఆలోచించి చేసినవాడిలా తల ఊపాను. ఇంతలో గంగారాం మొహం ఫోన్‌లోకి దూరింది.

"లింగన్నా, వచ్చేయేడు గూడ గోల్ల నువ్వే ఉండు. పిలగాని రెండో బర్త్‌డే ఉన్నది."

ఆ క్షణమే ప్రతిజ్ఞ చేశాను. మైదానంలో 'వెనక క్లియరేనా' అని సాక్షాత్తూ ముదీరే వచ్చి అడిగినా, ఈ జన్మలో నోరు విప్పను. వచ్చే జన్మలో అసలు ఫుట్‌బాల్ లేని దేశంలోనే పుడతాను.