చెవిలో సంపెంగ

నా చిన్నప్పుడు మా ఊళ్లో నావి పాముచెవులని పేరు. పాముకు చెవులే ఉండవని పెద్దయ్యాక ఎక్కడో చదివి, చాలాసేపు ఆ పుస్తకం మూసుకుని కూర్చున్నాను. ఊరు నాకు సరైన పేరే పెట్టింది. అర్థం తెలియక పెట్టింది, అంతే.

మాది తాండూరుకూ బషీరాబాదుకూ నడుమ, కంది చేల మధ్య చిన్న ఊరు. ఊరు దాటితే బండల గనులు. పోలీసు యాక్షను అయిపోయి మూడు నాలుగేళ్లు గడిచిన రోజులవి. అప్పట్లో మా తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. అంటే కాగితాల మీద మేము కన్నడ జిల్లా వాళ్లం. అయినా కన్నడం వినపడితే మాకు నవ్వొచ్చేది.

మా ఇంట్లో ఆ నవ్వుకు కొదవ లేదు. మా పెద్దమ్మ, అంటే మా నాయన వాళ్లన్న భార్య, కన్నడం మాట్లాడే సేడం దిక్కు నుంచి కోడలుగా వచ్చింది. వచ్చి పదేళ్లయినా ఆమె తెలుగుకు అక్కడి మట్టి వదల్లేదు. అన్నిటికన్నా మాకు పండగ ఒక తప్పు. ఆమె భాషలో వినడానికీ అడగడానికీ ఒకటే మాట, ‘కేళు’. అందుకని తెలుగులో ఆమెకు ఆ రెండూ కలిసిపోయేవి. “పొయ్యి మీ నాయనను ఇనిరా బిడ్డా, సంతకు పోతడో లేదో” అనేది. నాయన దగ్గరికి పోయి చెవి ఆనించి, “పెద్దమ్మ నిన్ను ఇనిరమ్మన్నది” అనేదాన్ని. ఇల్లంతా పడిపడి నవ్వేది. చుట్టాలొస్తే నాయన నన్ను పిలిచి, “జర మీ పెద్దమ్మ లెక్క మాట్లాడు బిడ్డా” అనేవాడు. మాట్లాడేదాన్ని. పెద్దమ్మ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ చెంగు వెనకాల నిజంగా నవ్వే ఉండేదా అని ఇప్పుడనుకుంటాను.

పక్కింటి పిల్ల నా దోస్తు. ఇద్దరికీ ఎనిమిదేళ్లు. నేను మాటల పుట్ట, ఆమె మౌనవ్రతం. ఒకరోజు పొద్దెక్కాక చేలో ఉన్న వాళ్ల నాయనకు జొన్నరొట్టెలు తీసుకుపోయింది. రొట్టెలు అందాయి, ఆయన తిన్నాడు, పిల్ల వెనక్కి మళ్లింది. ఇంటికి మాత్రం రాలేదు. కంది పూతకొచ్చి మనిషెత్తు పెరిగిన కాలం. ఆ సాయంత్రమంతా మగవాళ్లు చేలల్లో పేరు పెట్టి పిలుస్తూ తిరిగారు. తెల్లవారాక మళ్లీ బయల్దేరుతుంటే ఎవరో అన్నారు: “గా పాముచెవుల పోరిని గూడ తోల్కరాండ్రి. మనం పిలుద్దాం, గది ఇంటది.”

అట్లా పోయాను. వాళ్లు పిలిచి ఆగినప్పుడల్లా నేను చెవులు రిక్కించాలి. నా జన్మలో అంత పెద్ద ఉద్యోగం మళ్లీ దొరకలేదు.

పాడుబడిన గని దగ్గర నాకొక గొంతు వినిపించింది. ఎవరికీ చెప్పకుండా కందిమొక్కలు తప్పించుకుంటూ ముందుకు పోయాను. గని అంచున మా దోస్తు పడుకుని ఉంది. పడుకోలేదని, మెడ మీద కమిలిన వేళ్ల గుర్తులు చూడగానే తెలిసింది. ఆమె తల ఒక ఆడమనిషి ఒళ్లో ఉంది. ఆమెను మేము బండలామె అనేవాళ్లం. కన్నడ దేశం నుంచి వచ్చి, గనిలో బండలు చీలుస్తూ, అక్కడే గుడిసెలో ఒంటరిగా ఉండేది. ఊళ్లో ఎవరూ ఆమెతో మాట్లాడేవారు కాదు. ఆమె ఆ పిల్ల నుదుటి మీద వెంట్రుకలు సర్దుతూ, ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒకే మాట అంటోంది.

సంపితి, సంపితి, సంపితి.

మా దిక్కు మాటలో సంపితి అంటే చంపాను అని. ఉరికాను. విన్నది చెప్పాను.

తర్వాత జరిగింది నేను పూర్తిగా చూడలేదు. చూసినంతా రాయను కూడా. ఆమె కుడి చెయ్యి, బండలు చీల్చే చెయ్యి, వాళ్లు విరిచారని మాత్రం రాస్తాను. ఆమె అరిచింది కన్నడంలో. ఆ అరుపును అర్థం చేసుకోగలిగిన ఒక్క మనిషి, మా పెద్దమ్మ, అప్పుడు ఇంట్లో జొన్నలు విసురుతోంది. ఆమెకు కబురు తెలిసేసరికి బండలామెను బండిలో వేసి తాండూరు ఠాణాకు తీసుకుపోయారు.

ఆ రోజు నేను ఏడవాలి. నా దోస్తు పోయిన రోజది. ఏడవలేదు. ఒకాయన నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. “నీ చెవులకు దండం పెట్టాలె బిడ్డా” అన్నారు. ఇంటింటి ముందూ నిలబెట్టి చెప్పించుకున్నారు. పదిసార్లు చెప్పి ఉంటాను. నాలుగోసారికి బండలామె ఊగినట్టు ఊగాను. ఏడోసారికి ఆమె గొంతు దింపాను. ఎన్నోసారికో గుర్తులేదు, ‘సంపితి’ ముందు ‘నేనే’ అనే మాట వచ్చి కూర్చుంది. చెప్తుంటే బాగుంది, ఉండనిచ్చాను. పక్కింట్లో ఏడుపులు వినపడుతూనే ఉన్నాయి. పాముచెవులు కదా.

మర్నాడు అమీన్ సాబు నుంచి కబురొచ్చింది, పిల్లను తీసుకొచ్చి విన్నది చెప్పించమని. పోలీసు అధికారిని అప్పుడు అమీన్ అనేవారు. నాకు తలకు నూనె పెట్టి, పండక్కి కుట్టించిన పరికిణీ తొడిగారు. నాయన బండి కడుతుండగా పెద్దమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. కందికట్టె కుప్ప అవతల నిలబెట్టి, తను ఇవతల కూర్చుంది. “నేనొక మాట అంట. ఏం ఇన్నవో చెప్పు” అన్నది. నాకిది కొత్త ఆట అనిపించింది. కట్టెల వెనక నుంచి మెల్లగా ఒక మాట వచ్చింది.

“సంపితి అన్నవ్” అన్నాను.

“ఇప్పుడు?”

ఈసారి మూడు మాటలు వచ్చాయి. మల్లిగి, శ్యావంతిగి, సంపిగి. నేను అట్లాగే అప్పజెప్పాను, ఆమె యాసతో సహా. మూడో మాట నా నోట్లోంచి బయటికొచ్చాక గానీ నాకు వినపడలేదు.

పెద్దమ్మ కుప్ప చుట్టూ తిరిగి వచ్చి నా ముందు కూర్చుంది. మొదటిసారి తను అన్నదీ ఆ మూడో మాటే అని చెప్పింది. మల్లె, చామంతి, సంపెంగ. సంపిగి అంటే సంపెంగ పువ్వు. బండలామెకు ఒక బిడ్డ ఉండేదట, ఆ పేరు పెట్టుకుందట, ఎనిమిదేళ్లకే జ్వరంతో పోయిందట. గని దగ్గర ఆడుకోవడానికి వచ్చే మా దోస్తును ఆమె ఆ పేరుతోనే పిలుచుకునేదట. ఊళ్లో ఈ సంగతి తెలిసినది పెద్దమ్మకొక్కదానికే. చెలమ దగ్గర నీళ్లు ముంచుకుంటూ వాళ్లిద్దరూ వాళ్ల భాషలో మాట్లాడుకునేవారు.

మోసపోయినవాడి చెవిలో పువ్వు పెట్టారంటాం. బండలామె నా చెవిలో వేసింది నిజంగా పువ్వే. దాన్ని కత్తి చేసింది నా చెవి. ఒక్క అక్షరం తేడా.

“గప్పుడే ఆమెను కేళాల్సి ఉండె” అన్నది పెద్దమ్మ. ఈసారి తెలుగు మాట కోసం వెతుక్కోలేదు. “మా భాషల రెండిటికీ ఒకటే మాట. మీరు నవ్వుతరు. ఇన్నంక అడగకపోతే ఇన్నట్టు కాదు బిడ్డా.”

నేను నవ్వలేదు.

బండి కదిలే ముందు ఎవరూ రమ్మనకుండానే పెద్దమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. దారిలో నాయనకు సంగతంతా చెప్పింది. నాయన ఎద్దులను అదిలించాడు. “నిన్న జెప్పిందే జెప్పు. ఇప్పుడు మాట తిప్పితే ఊర్ల తల ఎత్తుకోలేం” అన్నాడు నాతో. జవాబు పెద్దమ్మ ఇచ్చింది.

“నీ తల ఎత్తుకునేటందుకు గామె తల దియ్యాల్నా మరిదీ?”

ఠాణా వరండాలో ఒక మూల బండలామె కూర్చుని ఉంది. చేతికి ఏదో గుడ్డ చుట్టి ఉంది. తల ఎత్తలేదు. అమీన్ సాబు మంచిగానే అడిగాడు, “డరో మత్ బేటీ. ఏం ఇన్నవో చెప్పు” అని. నాయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. ఊరందరి గొంతులూ దింపగలిగిన నాకు ఆ పూట నా గొంతు దొరకలేదు. పెద్దమ్మ ముందుకొచ్చి తనకొచ్చిన తెలుగులో చెప్పబోయింది. జవాన్లలో ఒకడు ఆమె మాట తీరుకు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అది మా ఇంటి నవ్వు, నేను పెంచిన నవ్వు.

అప్పుడు అన్నాను. చెప్పలేదు, అన్నాను. కంది చేను అంచున విన్నది విన్నట్టు, ఆ ఊపిరితో, ఆ మెల్లదనంతో. సంపిగి, సంపిగి, సంపిగి.

మూలనున్న ఆమె తల ఎత్తింది. నన్ను కాదు, నా వెనక ఎవరో ఉన్నట్టు చూసింది. మంచి చెయ్యి ముందుకు చాచింది. తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపుకు కన్నడం రానివాళ్లకు కూడా తెలుగు అక్కర్లేకపోయింది. గుల్బర్గా నుంచి వచ్చిన ఒక ముసలి జవాను మెల్లగా, “పువ్వు పేరు సాబ్. మా దిక్కు ఆడపిల్లలకు పెట్టుకుంటరు” అన్నాడు.

అమీన్ సాబు కాగితం చూసి నన్ను మళ్లీ అడిగాడు. “మరి ‘నేనే’ అన్నదని గూడ రాసిచ్చిండ్రు?”

“‘నేనే’ అన్నది ఆమె కాదు సాబ్” అన్నాను. “నేనే.”

ఆమెను మర్నాడు వదిలిపెట్టారు. మా ఊరికి మళ్లీ రాలేదు. వాడి జంక్షను దిక్కు పోయే రైలెక్కిందని పెద్దమ్మ చెప్పింది. చెయ్యి సరిగ్గా అతకలేదని కూడా తర్వాతెప్పుడో సేడం సంతలో వినొచ్చింది.

మా దోస్తును చంపినవాడు దొరకలేదు. ఇప్పటికీ తెలియదు. ఠాణావాళ్లు వెతకడానికి వచ్చేసరికి ఊరు ఊరంతా వింత చూడ్డానికి పోయి ఆ కంది చేనును కాళ్ల కింద కళ్లం చేసింది. ఆ మూడు రోజులూ మేమందరం ఒకే మనిషి వైపు చూశాం. చేసినవాడికి అంతకన్నా ఏం కావాలి? తాపీగా కాళ్లు కడుక్కుని ఉంటాడు. ఏమో, నన్ను భుజాల మీద ఎక్కించుకున్న వాళ్లలో ఉన్నాడేమో. ఆ మూడు రోజులు వాడికి ఇచ్చినదాన్ని నేను.

పక్కింటి అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఏటా కంది పూసే వేళ మాత్రం పిలిచి, గడపలో కూర్చోబెట్టుకుని ఒకటే అడిగేది. “ఆ రోజు నీకు ఇంకేమన్న ఇనవడ్డదా బిడ్డా? యాది జేస్కో.” నాకు పెళ్లయి ధారూరుకు పోయేదాకా అడిగింది. నేను విన్నది ఆ ఒక్క మాటే. అదీ తప్పు విన్నాను. ఇంకేమీ లేదత్తా అని చెప్పినప్పుడల్లా ఆమె తల ఊపి నా జడ విప్పి మళ్లీ అల్లేది.

పెద్దమ్మను నేను మళ్లీ ఎప్పుడూ వెక్కిరించలేదు. చుట్టాలకు కొన్నాళ్లు చప్పగా ఉండేది, అలవాటు పడ్డారు.

ఇప్పుడు నాకు నిజంగానే చెవుడు. మిషను పెట్టారు, పెద్దగా లాభం లేదు. మనవలు ఇంటికొచ్చి, ఫలానావాళ్లు ఇట్లా చేశారట, ఫలానామె అట్లా అన్నదట అని చెప్తుంటారు. నేను ఆపి, “ఏమన్నది? నువ్వే ఇన్నవా? ఏ మాట అన్నది?” అంటాను. వాళ్లు విసుక్కోకుండా నా చెవి దగ్గరికి వంగి, గొంతు పెంచి మళ్లీ చెప్తారు. మొన్న చిన్నది జాలిపడింది. “ఇనవడలేదా అమ్మమ్మా?”

“ఇనవడ్డది బిడ్డా” అన్నాను. “అందుకే అడుగుతున్న.”