పచ్చ పూత కింద వేలు

తొమ్మిదో తరగతిలో సైన్సు సారు బల్బు, బ్యాటరీ, రెండు తీగలు చేతికిచ్చి వెలిగించమన్నారు. క్లాసంతా వెలిగించింది. నాది వెలగలేదు. బల్బే మాడిపోయిందేమోనని పక్కవాడి బల్బు తెచ్చి పెట్టాను. అదీ పోయింది. ఇంకొన్నాళ్లు చదివితే ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు కూడా మిగలదని నాకే భయమేసి, ఆ ఏడాదే బడి మానేశాను. అలాంటి నన్ను సర్క్యూట్ బోర్డులు తయారుచేసే షెడ్డులో పనికి పెట్టుకున్నారంటే, ఇబ్రహీంపట్నంలో ఆ రోజుల్లో పనివాళ్లకు ఎంత కరువుండేదో మీరే ఊహించుకోండి.

మాది చిన్న షెడ్డు. ఊరి చివర, ప్లాట్ల రాళ్లు పాతిన చేల పక్కన. ఓ డజను మందిమి. వేలకు వేలు బోర్డులు చేసే చోటు కాదు, శాంపిళ్లు చేసే చోటు. ఎక్కడో ఇంజినీరు గీసిన బొమ్మ కంప్యూటర్లో వస్తుంది. అది నిజంగా పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి నాలుగో ఐదో చేసి పంపమంటారు. రాగి రేకు అతికిన పలకను కోస్తాం, వెంట్రుకంత సన్నటి రంధ్రాలు పొడుస్తాం, బొమ్మను అచ్చు వేస్తాం, అక్కర్లేని రాగిని మందునీళ్లలో కరిగించేస్తాం. మిగిలిన రాగి గీతలే కరెంటు నడిచే దారులు. వాటికి గాలి, తడి తగలకుండా పైన పచ్చ పూత వేసి ఓవెన్లో కాలుస్తాం. మీ ఇంట్లో పాత రిమోటు విప్పితే కనబడే ఆకుపచ్చ అదే.

ఆ పచ్చ పూత అక్క పని. సొంత అక్క కాదు. నాకంటే నాలుగేళ్లు పెద్దది, దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది, షెడ్డులో అందరికీ అక్కే. పూత గదిలో మామూలు లైట్లు ఉండవు. ఆ రంగు వెలుతురుకు గట్టిపడుతుంది కాబట్టి పసుపు లైట్లే పెడతారు. వాటి కింద అందరం కామెర్లు వచ్చినవాళ్లలా ఉండేవాళ్లం. సన్నటి జాలీ మీద రంగు పోసి, రబ్బరు పట్టీతో అక్క ఒక్క లాగు లాగేది. లాగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టేది. మేం లాగితే ఒకచోట మందంగా, ఒకచోట పలచగా, చిన్నపిల్లల ముఖానికి పౌడరు రాసినట్టు వచ్చేది. అక్క లాగితే చెరువు నీళ్లు నిలబడ్డట్టుండేది. ఆమె చెయ్యి కోసమే పని ఇచ్చేవాళ్లున్నారని షెడ్డు నడిపే సారే అనేవారు.

ఆ గదికి ఒకటే ధర్మం. పూతకు ముందు తోమి శుభ్రం చేసిన రాగిని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చేతి చెమటలో ఉప్పుంటుంది. వేలు పడిన క్షణాన ఏమీ కనబడదు. పైన పూత పడి, ఓవెన్లో కాలి, ఒక్కోసారి వారం గడిచాక, లోపలి నుంచి నల్లగా పైకి తేలుతుంది. అప్పుడిక తుడవడానికి లేదు. గాలి తగలకుండా రాగిని కాపాడే ఆ పూతే వేలిముద్రనూ భద్రంగా కాపాడుతుంది.

ఆ రోజు బల్ల మీద ఉన్నది ఆదిభట్ల వైపు నుంచి వచ్చిన శాంపిల్. విమానాల పని, మనకు ఎన్నడూ రాలేదు, జాగ్రత్త అని సారు పొద్దున్నే హెచ్చరించి వెళ్లారు. ఎవరైనా జాగ్రత్త అంటే నాకు నవ్వొస్తుంది, అది నా జబ్బు. గదిలో అందరూ బిగుసుకుని ఉన్నారు. చూడలేక చేతి తొడుగు తీసి, ఊది, మూతి ముడేశాను. ఐదు వేళ్లూ ఉబ్బి నిలబడ్డాయి. బల్ల అంచు కింద దాన్ని పట్టుకుని పాలు పితకడం మొదలుపెట్టాను.

"అక్కా, చెంబు తే. మా బర్రె చేపింది!"

అక్క పట్టీ కింద పెట్టి చూసింది. "నీ బర్రెకు ఐదు చన్నులేందిరా? నాలుగే ఉండాలె గద!"

"ఐదోది జీఎస్టీకి అక్కా."

అక్క పగలబడి నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేలా, బల్ల పట్టుకుని మరీ నవ్వింది. ఆ నవ్వుల మధ్యలో, తోమి నిలబెట్టిన బోర్డు ఒకటి పక్కకు జారబోతుంటే ఒడుపుగా పట్టుకుని ఆమె ముందు పెట్టాను. తొడుగు బర్రె అయిపోయింది కదా, చెయ్యి వట్టిదే. ఆ సంగతి నాకు తట్టలేదు. అక్క ఇంకా నవ్వుతూనే రంగు పోసి, ఊపిరి బిగబట్టి, లాగింది. ప్రతి బోర్డు వెంట ఒక కార్డు తిరుగుతుంది, ఎవరి పని అయ్యాక వాళ్లు సంతకం పెట్టాలి. అక్క పెట్టింది.

పది రోజులకు సారు, వాళ్లు తిప్పి పంపిన ఆ బోర్డు చేత్తో పట్టుకుని గదిలోకి వచ్చారు. మిగతావి బాగున్నాయట. దీని మూలన, పచ్చ పూత అడుగున, బొటనవేలి ముద్ర. వంకర గీతలన్నీ ఎవరో పెన్నుతో గీసినట్టున్నాయి. ఇట్లాంటి చేతులకు మా పని ఎట్లా ఇస్తామని అవతలివాళ్లు అడిగారట.

అందరం వంతులవారీగా భూతద్దంలో చూశాం. నా వంతు వచ్చింది. ముద్రకు అడ్డంగా, ఏటవాలుగా, ఒక తెల్లటి చార. పనిలో చేరిన కొత్తలో పలక అంచు నా కుడి బొటనవేలిని కోసింది, ఆ మచ్చ అది. నా వేలు నా వైపే చూస్తున్నట్టనిపించింది.

"ఎవ్వరి వేలు ఇది?" అన్నారు సారు.

నేను నోరు తెరిచాను. నిజమే చెప్పాలనుకున్నాను, ఒట్టు. కానీ నా నోటికి ఒకే దారి తెలుసు.

"నాదే సార్. ఆధార్‌ల వేలు పడుతలేదని గిక్కడ ఏసిన."

గది మొత్తం గొల్లుమంది. సారు మీసం కింద కూడా ఒక్క క్షణం నవ్వు కదిలింది. "నీ తమాషలు తర్వాత. కార్డు మీద సంతకం ఎవరిది?"

ఆ నవ్వు మీద ఇంకొక్క మాట అంటే సరిపోయేది. కాదు సార్, తమాష కాదు, నిజంగనే నాది, చార చూడుండ్రి అని. ఆ మాట నాలుక చివర దాకా వచ్చి కూర్చుంది. అందరూ నవ్వుతున్నారు, చెప్పేశాను కదా, నమ్మకపోతే నేనేం చేసేది అని లోపల ఇంకొకడు అన్నాడు. అన్నవాడు నేనే.

"నాదే సార్, సంతకం," అంది అక్క. నవ్వనిది ఆమె ఒక్కతే. నా వైపు చూసింది. కోపంగా కాదు. పూత సరిగ్గా ఆరిందా లేదా అని వెలుతురుకు ఎత్తి చూస్తుందే, అట్లా చూసింది.

మర్నాటి నుంచి ఆమెను ప్యాకింగ్‌లో కూర్చోమన్నారు. రెండు రోజులు కూర్చుంది, మూడో రోజు రాలేదు. చుట్టుపక్కల ఇట్లాంటి షెడ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో వాళ్లందరికీ ఒకరితో ఒకరికి మాటలున్నాయి. రాగి మీద చెయ్యి పెట్టే మనిషట అనే పేరు ఆమెకంటే ముందే అన్ని గేట్లకూ చేరింది. రెండు చోట్ల అడిగితే ఖాళీ లేదన్నారని తర్వాత తెలిసింది. ఆమెకున్నది ఆ చేతి పేరొక్కటే. దాన్ని పోగొట్టింది నేను. ఇక్కడితో నా కథ అయిపోతే బాగుండేది.

పూత బల్ల నాకిచ్చారు. ఎవరో ఒకరు నేర్చుకోవాలి కదా. ఆమె నిలబడి నిలబడి అరిగిన రబ్బరు చాప మీద, ఆమె పాదాల గుంటల్లోనే నా పాదాలు పెట్టి నిలబడ్డాను. పట్టీ లాగేటప్పుడు నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టేవాణ్ని. ఒక్కోసారి లాగడం అయిపోయి నేను గాలి వదిలాక, వెనక ఇంకెవరో వదిలినట్టుండేది. తిరిగి చూస్తే పసుపు గోడ.

సారు ఆ బోర్డును పారేయలేదు. తలుపు పక్క గోడకు మేకు కొట్టి వేలాడదీశారు, ముద్ర దగ్గర ఎర్ర బాణం అతికించి. కొత్తగా చేరినవాళ్లు చూసి బుద్ధి తెచ్చుకోవాలని. రోజూ గదిలోకి పోతూ, వస్తూ నా వేలి పక్క నుంచే నడవాలి. నేను చేసిన తప్పులకు ఫొటో కట్టి పెడితే ఇల్లు సరిపోదు, కానీ ఈ ఒక్కదానికే మేకు దొరికింది. ముద్ర మొదట్లో గోధుమ రంగులో ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ పూత కింద రాగి నల్లబడుతూ వచ్చింది. నా అసలు బొటనవేలు మందునీళ్లకు అరిగి, దాని గీతలు చెరిగిపోయాయి, మచ్చ కూడా దాదాపు కలిసిపోయింది. గోడ మీది వేలు మాత్రం స్పష్టమవుతోంది. రెంటిలో ఏది నాదని ఎవరైనా అడిగితే గోడనే చూపించాల్సి వస్తుంది.

ఇంట్లోనూ వదల్లేదు. స్టీలు గ్లాసును అడుగున, అంచున రెండు వేళ్లతో పట్టుకునేవాణ్ని. తాగాక తుడిచేవాణ్ని. "గ్లాసును గట్ల పట్టుకుంటరా ఎవరన్న? తేలు పిల్లనా అది?" అని మా ఆవిడ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని. అద్దాల తలుపు మీద, సెల్‌ఫోను మీద, బీరువా మీద, ఎక్కడ వేలిముద్ర కనబడినా అందులో చార కోసం వెతికేవాణ్ని.

అన్నిటికంటే పాడు పని ఇంకా చెప్పలేదు. కొత్తవాళ్లకు పని నేర్పేది నేనే. గోడ దగ్గరికి తీసుకుపోయి బోర్డు చూపించాలి. చూపించి కథ చెప్పాలి. మొదటిసారి ఒక అక్క ఉండె, చెయ్యి పెట్టింది, పని పోయింది అని మూడు ముక్కల్లో ముగించాను. రెండోసారి కొంచెం సాగింది. తర్వాత్తర్వాత దానికి తాళం, దరువు కూడా కుదిరాయి. "అక్క రంగుకు ముందు బొట్టు పెట్టింది బోర్డుకు, పెండ్లి కూతురనుకున్నది పాపం!" అనేవాణ్ని. వాళ్లు నవ్వేవాళ్లు, తొడుగులు గట్టిగా లాక్కునేవాళ్లు. పాఠం బాగా ఎక్కేది. నవ్వు ఆగాక ఎవరూ లేని పసుపు గదిలో ఆ బోర్డు ముందు నేనొక్కణ్నే మిగిలేవాణ్ని.

నిరుడు ఒక పొద్దున, చౌరస్తాలో ఫ్యాక్టరీ బస్సుల కోసం జనం నిలబడేచోట, ఆమె కనబడింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా. కొంగరకలాన్ వైపు పనికి పోతోందట. బండి ఆపాను. జుట్టు కొంత నెరిసింది, చూపు మాత్రం అదే. ఏం తమ్మీ, మంచిగున్నవా అని ఆమె అడిగింది. ఇన్నేళ్లు మోసింది బండి దిగకముందే బయటపడింది.

"అక్కా, ఆ వేలు నాది."

"అవ్. నా కండ్ల ముందటనే పెట్టినవ్ గద."

"చూసినవా? మరి ఆ దినం సార్‌కు ఎందుకు చెప్పలే?"

"చూసి గూడ పూత లాగిన. ఒక్కసారికి ఏమైతదిలే అనుకున్న, నవ్వుల ఉన్న గద. సంతకం పెట్టిన. నా వంతు నేను ఒప్పుకున్న. నీ వంతు నువ్వు చెప్తవని నీ దిక్కు చూసిన." మెడలో కార్డు సరిచేసుకుంది. "చెప్పినవ్ గూడ. ఆధార్ అనుకుంట."

అటు నుంచి బస్సు వస్తోంది. జనం కదిలారు. ఆమె డబ్బా సర్దుకుంటూ, బజారు సంగతి చెప్పినట్టు చెప్పింది. "మా లైన్ల కొత్తగ ఒక పిల్ల చేరింది. మీ షెడ్డులనే నేర్చుకున్నదట. అన్నం తినేటప్పుడు చెప్పింది, ఎవరో అక్క బోర్డుకు బొట్టు పెట్టిందంట అని. నా కథ నాకే. మస్తు నవ్వినరు అందరు. నేను గూడ నవ్విన."

"మాఫ్ చెయ్యి అక్కా," అన్నాను. బండి హ్యాండిల్ పట్టుకునే ఏడుస్తున్నాను, నలుగురూ చూస్తున్నారు, చూడనీ అనిపించింది. "నాదే తప్పు. మొత్తం నాదే. నీకు చెప్పాలె, చెప్పాలె అని..."

ఆమె బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ? నాకు తెల్వందేముంది? ఆ పిల్లకు చెప్పు. చాతనైతే, నవ్వియ్యకుండ చెప్పు."