సముద్రం సంగతి రాయని ఉత్తరం

1996 సెప్టెంబరు, శుక్రవారం. గల్ఫ్‌లోని ఈ జింజ్ పేటలో ఇళ్లలో పనిచేసే మన తెలుగు ఆడవాళ్లకు ఎన్నో ఏళ్లుగా ఉత్తరాలు రాసిపెడుతున్నాను. ఈ రోజు మొదటిసారి తెలిసి తెలిసి అబద్ధం రాశాను. అందుకే సాయంత్రమే అందరూ చదివి కింద తమ మాట రాసే ఈ గోడపత్రికకు ఎక్కిస్తున్నాను.

వచ్చినామెను, పేరు మార్చి, సత్యవతి అంటాను. వేసవిలో యజమానురాలు ఆమెను ఇంగ్లండులో సముద్రానికి దగ్గరలో ఉన్న తమ పల్లెటూరికి తీసుకెళ్లింది. నాలుగింటికే పని అయిపోయేదట. ముళ్లకంచెల మీది నల్లపళ్లు కోసుకు తింటూ గట్ల వెంట నడిచేదట, చెప్పులు విడిచి అలల్లోకి పరిగెత్తేదట. చెబుతూ చిన్నపిల్లలా నవ్వింది. అంతా ఇంటికి పంపే ఉత్తరంలో వరుసగా రాసి చదివి వినిపించాను. ఆమె ముఖం పాలిపోయింది.

“అయ్యబాబోయ్, అదంతా కొట్టేయండి మామ్మగారూ! చలికి చచ్చిపోయాను, నడుం విరిగిపోయిందని రాయండి.”

“నేను అబద్ధం రాయను.”

“సుఖపడతన్నానని తెలిత్తే మా అత్త ఊరుకోదండి. ‘నువ్వక్కడ షికార్లు చేత్తుంటే నీ పిల్లని నేను సాకాలా’ అని హాస్టల్లో పడేత్తాదండి. దానికి ఐదేళ్లండి.”

కాగితం చించి కొత్తది రాశాను. చలి గురించి రెండు వాక్యాలు నేనే కల్పించాను. అవి బాగానే కుదిరాయి. మీరైతే ఏం చేసేవారో ఈ కిందనే రాయండి.

ఇక జరగవలసినవి:

1. రేపు ఉత్తరం పోస్టు చేయాలి.

2. సత్యవతి శుక్రవారాల్లో నా దగ్గర అక్షరాలు నేర్చుకోవాలి.

3. ఆ పిల్లకు చదవడం వచ్చేనాటికి సముద్రం సంగతి తల్లి చేతిరాతతో అందాలి. నాయనమ్మ ముందుగా విప్పకుండా ఎలా అందుతుందో నాకు తెలియదు.