నాలుగు పొరల నీడ

ఆమెను వీధిలో అందరూ టేపక్క అంటారు. బట్టలు కుట్టడం ఆమె పని. కొలతల టేపు మెడలో వేసుకునే కూరగాయలకు వెళ్తుంది, డాక్టరు దగ్గరికీ వెళ్తుంది. ఆమె చేతిలో ఏ పనీ రేపటికి మిగలదు. బిగుతైతే విప్పుతుంది, వదులైతే కుడుతుంది, నప్పకపోతే మళ్లీ విప్పుతుంది. లోకంలో విప్పి కుట్టలేనిదంటూ లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక పగడం వమ్ము చేసింది.

పగడమంటే ఉంగరంలో పొదిగేది కాదు, ప్రాణమున్నది. ముందుగదిలో కుట్టుమిషనుకు ఎదురుగా ఉప్పునీటి తొట్టి ఉంది. పదకొండేళ్ల కిందట అత్తగారు బొత్తామంత పగడాన్ని తెచ్చి అందులో పెట్టింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. పగడం మాత్రం పచ్చగా, కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా అరచేయంత పెరిగింది. గడియారాలు బాగుచేసి బాగుచేసి రిటైరైన మామగారు దాని ముందే కుర్చీ వేసుకుని పొద్దుపుచ్చుతారు. లారీ తోలే ఆయన కొడుకు, అంటే టేపక్క మొగుడు, వారానికోసారి వస్తాడు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో ఉండేది వీళ్లిద్దరూ, పగడమూ.

ఆయన కళ్లకు శుక్లాలొచ్చాయి. ఆపరేషనుకు రెండు నెలల తర్వాత తేదీ ఇచ్చారు. అంతవరకైనా పగడం ఆయనకు కాస్త కనబడాలని టేపక్క జిగేల్మనే కొత్త లైటు కొనితెచ్చి, పాతదాన్ని తుక్కువాడికి ఇచ్చేసింది. గది పట్టపగలైంది. పదో రోజుకు పగడం పాలిపోయింది. పన్నెండో రోజుకు సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

టేపక్క ఇక ఊరుకుంటుందా? నీళ్లు మార్చింది. పగడాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు జరిపింది, మర్నాడు మళ్లీ ఈ మూలకే తెచ్చింది. నలుగురిని అడిగి నాలుగు రకాల మందుచుక్కలు వేసింది. ఎవరైనా ఆ చేతులు కట్టేస్తే బాగుండేది.

ఓ సాయంత్రం మామగారు అడిగారు. "ఎలా ఉందమ్మా మన పెద్దమ్మాయి?" పగడాన్ని ఆయన అలాగే పిలుస్తారు.

"పచ్చగా, నిండుగా ఉంది మామయ్యా" అనేసింది. అత్తయ్య చేతిమీద పెరిగినదాన్ని నా చేతులతో నేనే పాడుచేశానని ఏ నోటితో చెబుతుంది? ఆయన కళ్లు తెరిపిన పడేలోగా దానికి రంగు తెప్పించాలి, అంతే.

ఫోనులో ఫొటో తీసుకుని అక్వేరియం షాపుకు పరుగెత్తింది. షాపతను చూసి నింపాదిగా అన్నాడు. "చావలేదక్కా. ఆకలితో మాడుతోంది. దీని ఒంట్లో కంటికి కనబడని నాచు ఉంటుంది. రంగిచ్చేదీ అదే, తిండి పెట్టేదీ అదే. లైటు దెబ్బకి అది కాస్తా పోయింది. మళ్లీ చేరాలి. నీడ ఇవ్వండి, రెండ్రోజులకోసారి ఇంత మేత వెయ్యండి. ముందు ఆ చేతులు జేబుల్లో పెట్టుకోండి."

"నా బట్టలకి జేబుల్లేవు."

"దర్జీ మీరే కదక్కా, కుట్టుకోండి!"

లైటుకు వెలుగు తగ్గించే మీట లేదు. టేపక్క ఆలోచించింది. గౌను కుచ్చు నిలబడడానికి అడుగున వేసే నెట్ గుడ్డ తీసి, ఎంబ్రాయిడరీ రింగుకు నాలుగు పొరలుగా కుట్టి, తొట్టి అంచులమీద సరిగ్గా పగడానికి పైన ఆనించింది. ఆ తర్వాత చెయ్యి పెట్టలేదు. పెట్టకుండా ఉండడానికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

రోజూ సాయంత్రం మామగారు అదే ప్రశ్న వేసేవారు. ఆమె మిషను ఆపి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుని జవాబు చెప్పేది. దూరం నుంచి అరిచి చెబితే అబద్ధం నిలవదని కాబోలు, వివరంగా చెప్పేది. పగడం మాట అయ్యాక ఎవరి జాకెట్టు ఎంత బిగుతైందో, అత్తయ్య ఉంటే ఏమనేదో, అలా మాట మీద మాట వచ్చి ఒక్కోసారి అరగంట గడిచిపోయేది.

మూడో వారంలో, నూరిన రొయ్య ముక్కను గొట్టంతో మెల్లగా వదిలితే, పగడం అంచున సన్నటి వేళ్లు బయటికొచ్చి దాన్ని పట్టుకున్నాయి. టేపక్కకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. ఈ సంతోషం మామయ్యతో పంచుకుందామంటే, ఆమె చెప్పిన దాని ప్రకారం అది ఎప్పుడూ బాగానే ఉందాయె! కళ్లు తుడుచుకుని ఒక పొర విప్పింది. మరుసటి వారం ఇంకొకటి, ఆపై వారం మరొకటి.

ఆపరేషనైన మర్నాడు మామగారు కట్టు తీయించుకుని, నల్లద్దాలతో ఇంటికొచ్చి నేరుగా తొట్టి ముందు కూర్చున్నారు. పగడం అంచంతా పచ్చబడింది. టేపక్క పక్కనే నిలబడింది.

"మధ్యలో ఇంకా తెల్లగానే ఉందే" అన్నారు ఆయన.

"మామయ్యా, అదీ..."

"మొత్తం తెల్లబడ్డప్పుడే తెలుసులేమ్మా. మసక కళ్లకి గీతలు ఆనవు గానీ రంగు తెలీదా? పచ్చ మసక కాస్తా తెల్ల మసకైంది."

"తెలిసీ ఒక్క మాటైనా అనలేదే!"

"నాకోసం కొన్న లైటు. నాకు తెలుసంటే దాన్ని వీధిలోకి గిరాటేసి, నువ్వు మంచం పట్టేదానివి."

"మరి రోజూ ఎలా ఉందని అడగడం ఎందుకు?"

ఆయన నల్లద్దాలు సర్దుకున్నారు. "అడిగితేనే కదా నువ్వు ఆ మిషను ఆపి వచ్చి కూర్చునేది. మీ అత్తయ్య పోయాక నాకు సాయంత్రాలు గడవట్లేదమ్మా."

టేపక్క దొరికిన గుడ్డపేలికతో ముక్కు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం మామగారు ఏమీ అడగలేదు. టేపక్క సగం కుట్టిన చొక్కా చేతిని సూది కిందే వదిలేసి, స్టూలు లాక్కుని వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఆ చివరి పొర ఎప్పుడు విప్పుతావు?" అన్నారు ఆయన.

"తొందరేముంది మామయ్యా" అంది టేపక్క.