కంట్రోలర్‌కు ఆయుధ పూజ

కంప్యూటర్‌లో ఆడే కారు పందెంలో మా బామ్మర్దిని ఒక్కసారైనా ఓడించాలన్నది నా జీవితాశయం. నలభై దాటినవాడికి, కడపలో బండల వ్యాపారం చేసుకుంటూ నలుగురిలో గౌరవంగా తిరిగేవాడికి ఇదేం ఆశయమని మీరు అడగవచ్చు. నా భార్య రోజూ అడుగుతూనే ఉంది. కానీ డోన్‌లో లారీలు తిప్పే ఆమె తమ్ముడు వచ్చినప్పుడల్లా నన్ను చిత్తుగా ఓడించి, "పోనీలే బావా, నువ్వు బండలు కోసుకో, బండ్లు మాకు ఇడ్సిపెట్టు" అంటాడు. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించదు.

లోపం నా చేతుల్లో లేదని, చేతిలో ఉన్న పాత కంట్రోలర్‌లోనే ఉందని తేల్చుకున్నాను. పెళ్లిసంబంధం చూసినంత శ్రద్ధగా నెలంతా చూసి, కొత్తది తెప్పించాను. వెనకపక్క కూడా మీటలున్న రకం. మా ఊరి ఎండకు బొటనవేలు చెమటపట్టి జారుతుందని, కారును తిప్పే పుల్లకు రబ్బరు టోపీ తొడిగాను. ఆ పుల్ల వెంట్రుకవాసి కదిలినా కారు తిరిగేలా సెట్టింగులు మార్చాను. ఇక మిగిలింది అలంకారం. ఆటోలకు స్టిక్కర్లు అంటించే అంగడికి తీసుకుపోతే, అంగడతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమి రాయల్ల సార్? 'అమ్మ దీవెన' అని రాద్దునా? అందరూ అదే రాయిస్తాండారు."

నాకు ఒళ్లు మండింది. "ఇది ఆటో కాదప్పా" అని చెప్పి, ఎర్రటి మంటల బొమ్మలు వేయించుకుని వచ్చాను.

ఇంట్లో నేను సాధన చేస్తుంటే మా అమ్మ వెనక నిలబడి చూసేది. ఆమె కంటికి కనిపించేది ఒక్కటే, కొడుకు ప్రాణాల మీద ఆశ లేనట్టు కారు తోలుతున్నాడు.

"అంత జోరుగా పోతాండావే, కొత్తదానికి పూజ చేయించినావా నాయనా?"

"ఇది బండి కాదమ్మా."

"తోలేది నువ్వే గదా?"

నేను ఇంకో పందెం మొదలుపెట్టాను.

దసరా రోజు పొద్దున నేను రాళ్లు కోసే మిషన్‌కు గుమ్మడికాయ కొట్టి ఇంటికి వచ్చేసరికి, దేవుడి పటాల ముందు కత్తెర, కత్తిపీట, నా స్కూటర్ తాళం, వాటి మధ్య నా కంట్రోలర్. పసుపు, కుంకుమ, పైన చామంతి పువ్వు. "నిమ్మకాయ పెడదామంటే దీనికి చక్రాలు యాడుండాయో కనపడలేదు" అంది అమ్మ. గొణుక్కుంటూ తువ్వాలుతో పైపైన తుడిచాను. అంతలోనే బామ్మర్ది పండగ భోజనానికి దిగాడు. వంట అయ్యేలోపు ఒక పందెం వేద్దామన్నాడు.

నేను కొత్తదాని మీద చెయ్యి వేశానో లేదో వంటింట్లోంచి నా భార్య గొంతు వినిపించింది. "చుట్టానికి పాతది ఇచ్చి మనం కొత్తది పట్టుకుంటే బాగుంటాదా?"

కొత్త దుప్పటి, కొత్త గ్లాసు, అన్నీ చుట్టానికే. మా ఇళ్లలో దీని మీద అప్పీలు లేదు. నవ్వు మొహంతో ఇచ్చేశాను.

పందెం మొదలైంది. వాడి కారు బయలుదేరడమే ఎడమ పక్కకు ఒరిగి గోడను రాసుకుంది.

"బావా, ఇది ఎడమ పక్కకే పోతాండాది!"

"తోలడం రావల్లప్పా" అన్నాను. ఇన్నేళ్లుగా దాచుకున్న మాట అది.

గెలిచాను. మంచం కిర్రుమనేలా ఎగిరాను. వాడు కొత్తది నా చేతిలో పెట్టి, "ఇప్పుడు నువ్వు తోలు" అన్నాడు. నా కారు కూడా తిన్నగా ఎడమ గోడకే పోయి గుద్దుకుంది. వాడు రబ్బరు టోపీ లాగి చూశాడు. పుల్ల మొదట్లో కుంకుమ ముద్దకట్టి, దాన్ని ఎడమ పక్కకు ఒరగబెట్టి ఉంది. కడుపు పట్టుకుని నవ్వుతూ, "ఈ గెలుపు లెక్కలోకి రాదు బావా" అన్నాడు.

నాకు నిజంగానే కోపం వచ్చింది. "ఎంత పని చేసినావమ్మా! దీన్నెవరు పూజ చెయ్యమన్నారు?" అని అరిచాను.

అమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "ఓడిపోయిన రోజు నువ్వు అన్నం సరిగ్గా తినవు. ఒక్కసారన్నా గెలిపించు సామీ అని మొక్కుకున్నా. గెలిచినావా లేదా?"

"గెలిచినా, కానీ..."

"మళ్లేమి? రా, కూర్చో. అన్నం పెడతా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. బామ్మర్ది నవ్వు ఆపి ఆమె వైపు చూసి, "గెలిచినట్టే లే అత్తా" అన్నాడు. ఆ పూట నేను మారు అన్నం పెట్టించుకున్నాను.

పండగ అయ్యాక కంట్రోలర్‌ను బాగుచేయించి, మళ్లీ ఆ స్టిక్కర్ల అంగడికి పోయాను. అతను మంటల బొమ్మలు పీకేసి, "ఇప్పుడు ఏమి రాయల్ల సార్?" అన్నాడు.

"ఆ పొద్దు నువ్వు చెప్పిందే రాయప్పా" అన్నాను.