శుక్రవారం మాత్రమే చెడిపోయే కంప్యూటర్

2024 మే నెల. మదనపల్లెలో టమోటా సీజన్ ఊపందుకున్న రోజులు. మార్కెట్‌కు పోయే దారిలో నాకు చిన్న కంప్యూటర్ రిపేరు అంగడి ఉంది. అంగడికి వచ్చేవాళ్లలో సగం మంది నా బుర్ర తినడానికే వస్తారు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా బుర్ర తిన్నవాడు మాత్రం పుంగనూరు రెడ్డెప్ప ఒక్కడే.

రెడ్డెప్ప టమోటా మండీలో వేలం పాడే మనిషి. యార్డు ఈ చివర పాట మొదలుపెడితే ఆ చివర ఆటోవాళ్లకు కూడా వినిపించేదట. గొంతులో గడ్డ లేచి, క్యాన్సర్ అని తేలి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడలో తాడుకు ఒక పలక వేలాడుతుంటుంది. చెప్పాల్సింది దాని మీద రాస్తాడు.

ఆ రోజు గుడ్డసంచిలోంచి ఒక పాత కంప్యూటర్ తీసి నా బల్ల మీద పెట్టాడు. నేను బడికి పోయే కాలం నాటి హోమ్ కంప్యూటర్ అది. చూడ్డానికి కీబోర్డు మాత్రమే, కానీ కంప్యూటరంతా అందులోనే ఉంటుంది. టీవీకి తగిలించుకోవాలి, ప్రోగ్రామును టేప్‌రికార్డర్ క్యాసెట్ నుంచి ఎక్కించుకోవాలి. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరులో కొన్నాడట. నేను దాన్ని తిప్పి చూస్తుండగానే పలక నా ముందుకు వచ్చింది: ‘దీనికి వైఫై పెట్టల్ల.’

‘దీనికి వైఫై యాల అన్నా? నీ ఫోన్లోనే ఉండాది గదా’ అన్నాను.

తుడిచి మళ్లీ రాశాడు: ‘ఫోన్ సూస్తే మనుషుల్ని సూడలేను.’

అర్థం కాలేదు. మండీకి తీసుకెళ్లి చూపించాక అర్థమైంది. టమోటా కొనేవాళ్లు నోరు తెరిచి ధర చెప్పరు. ఒకడు కనుబొమ్మ ఎగరేస్తాడు, ఒకడు భుజం మీది తువ్వాలు సర్దుకుంటాడు. పక్కవాడికి తెలియకూడదు, పాటగాడికి మాత్రం తెలియాలి. అందుకే పాటగాడి కళ్లు వాళ్ల ముఖాల మీది నుంచి కదలకూడదు. అంతకుముందు ఫోన్లో అంకెలు కొట్టి చూపించబోయాడట. తల దించిన క్షణంలో ఒకడి కనుబొమ్మ తప్పిపోయింది. తంబళ్లపల్లె రైతు ఒకడి సరుకు చవగ్గా పోయింది, పెద్ద రభస అయింది.

నేను నా వంతు తెలివి చూపించాను. ల్యాప్‌టాప్‌కు కొత్త కీబోర్డు తగిలించి ఇచ్చాను. వేళ్లు తడబడి ధరకు ఒక సున్నా ఎక్కువ పడింది, కొనేవాళ్లు నవ్వారు. ఆ పాత యంత్రం మీద మాత్రం ఆయన చూడకుండా కొడతాడు. ఒక మీట నొక్కితే ధర ఒక మెట్టు ఎక్కేలా, ఇంకోటి నొక్కితే పాట ముగిసేలా ప్రోగ్రాము తానే రాసుకున్నాడు. ఇక కావలసింది ఒక్కటే. వేలం పాడే అరుగు మీద ఆయన మీట నొక్కితే యార్డు అవతల స్తంభానికి కట్టిన ఎల్ఈడీ బోర్డు మీద అంకె వెలగాలి. మధ్యలో ఆటోలు, ట్రాక్టర్లు, కొండల్లా క్రేట్లు. ఒకసారి వైరు లాగితే ట్రాక్టర్ చక్రం కింద పడి తెగిపోయిందట. అందుకే వైఫై.

మండీ యజమాని నారాయణప్ప చెడ్డవాడు కాదు. కానీ మొహమాటం లేని మనిషి. ‘పాట ఆగకుండా జరిగితే నువ్వే ఉండు రెడ్డెప్పా. ఆగిందంటే మాత్రం ఇంగొకర్ని పెట్టుకుంటా, నా మీద కోపం పెట్టుకోవద్దు’ అని నా ముందే చెప్పాడు. రెడ్డెప్ప తల ఊపాడు. ఆ అరుగు తప్ప ఆయనకు ఇంకో పని తెలియదు. నాకు ఒప్పుకోక తప్పలేదు.

ఇక నా పాట్లు మొదలయ్యాయి. ఈ కంప్యూటర్ల వెనుక ఎడ్జ్ కనెక్టర్ అని ఒకటి ఉంటుంది. సర్క్యూట్ బోర్డు అంచున దువ్వెన పళ్లలా వరుసగా రాగి పట్టీలు ఉంటాయి, అదనపు సామాను ఏదైనా అక్కడే తగిలించాలి. దానికి సరిపోయే సాకెట్ ఇప్పుడు అంగళ్లలో దొరకదు. కుప్పంలో పాత రేడియోల మెకానిక్ ఒకాయన దగ్గర ఉందంటే బస్సెక్కి పోయి, బతిమాలి తెచ్చుకున్నాను. వైఫై మాడ్యూల్‌కు తక్కువ వోల్టేజీ కావాలి, పాత యంత్రం ఎక్కువ వదులుతుంది. మధ్యలో లెవెల్ షిఫ్టర్ అనే చిన్న ముక్క పెట్టి సర్దాను. రాగి పట్టీల మీద ఎర్రగా ఏదో పేరుకుని ఉంటే మండీ దుమ్మే అనుకుని తుడిచేశాను.

సోమవారం బోర్డు వెలిగింది. రెడ్డెప్ప కళ్లు కొనేవాళ్ల మీద, వేళ్లు మీటల మీద. అవతల అంకెలు ఎక్కుతున్నాయి. రైతులు ఈయన్నూ బోర్డునూ మార్చి మార్చి చూశారు. మంగళ, బుధ, గురువారాలు పాట హాయిగా సాగింది. శుక్రవారం ఉదయం ఆగిపోయింది.

సంచి పట్టుకుని అంగడికి వచ్చాడు. బల్ల మీద పెట్టి స్విచ్ వేశాను, లక్షణంగా పనిచేసింది. రిపేరువాడికి ఇంతకు మించిన శాపం లేదు. చెడిపోయిందని తెస్తారు, మన చేతికి రాగానే బుద్ధిమంతురాలైపోతుంది. ‘ఏం కాలేదన్నా, బాగానే ఉండాది’ అంటే ఆయన నన్ను దొంగను చూసినట్టు చూశాడు.

రెండో శుక్రవారం మళ్లీ అదే కథ. యార్డులో ఇంకెవరి వైఫైతోనో తగువు పడుతోందని ఛానెల్ మార్చాను. కరెంటు హెచ్చుతగ్గులని స్టెబిలైజర్ పెట్టాను. శుక్రవారం సరుకు ఎక్కువ, ఆలస్యమైతే వేడికి చెడుతోందేమోనని ఫ్యాను కూడా తగిలించాను. మూడో శుక్రవారం బోర్డు మీద అంకెలకు బదులు పిచ్చిగీతలు వచ్చాయి. నారాయణప్ప అరుగు దగ్గరికి వచ్చాడు. కోపంగా కూడా అనలేదు. ‘వచ్చే వారం సూస్తా రెడ్డెప్పా. మళ్లా ఆగితే కలకడ నుంచి ఒకాయన వస్తానంటాండాడు’ అన్నాడు. రెడ్డెప్ప పలక తుడిచేశాడు. సుద్దముక్కను జేబులో వేసుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. వారానికి ఒక్కరోజు, అదీ వారం పేరు చూసుకుని చెడిపోయే యంత్రాన్ని నేను ఎక్కడా చూడలేదు. రాహుకాలం ఏమన్నా చూసుకుంటోందా అనుకున్నాను. తర్వాతి శుక్రవారం తెల్లవారగానే మొదటి బస్సుకు పుంగనూరు పోయాను.

ఇల్లు చిన్నది. తలుపు తీసే ఉంది. దేవుడి పటాల ముందు పీట మీద కంప్యూటర్ ఉంది, మీద కనకాంబరాలు. రెడ్డెప్ప భార్య సరోజమ్మ తలస్నానం చేసి, గంధం గిన్నె చేతబట్టుకుని కూర్చుని ఉంది. నేను చూస్తుండగానే కంప్యూటర్‌ను వెనక్కి తిప్పి, నా మాడ్యూల్ లోపలికి దూరే సందు దగ్గర నీళ్లునీళ్లుగా కలిపిన గంధం పూసి, దాని మీద కుంకుమ అద్దింది. గంధం నీళ్లు సందులోకి జారిపోయాయి.

‘అమ్మా, ఏం చేస్తాండావు?’

‘బొట్టు పెడతాండా నాయినా. శుక్రారం గదా.’

‘ఆడ యాల పెడతాండావు?’

‘ముందర పెడితే మీటలకు అంటుకుంటాదని ఆయన కసురుకుంటాడు. ముందు నుంచీ ఎనకాలే పెడతా. ఇప్పుడు నువ్వు కొత్త సామాను తగిలించింది గూడా ఆడే గదప్పా, దానికి పెట్టకపోతే ఎట్లా?’

అంతా అర్థమైపోయింది. తడి కుంకుమ రాగి పట్టీల మధ్య వంతెన కట్టి ఒకదాని కరెంటు ఇంకోదానికి ఇస్తోంది. మధ్యాహ్నానికి నా అంగడికి చేరేలోపు ఆరిపోతోంది. నేను మండీ దుమ్మని తుడిచిన ఎరుపు ఏళ్లనాటి కుంకుమ. నేను వైఫైని తిట్టాను, కరెంటును తిట్టాను, కుప్పం మెకానిక్‌ను కూడా తిట్టుకున్నాను.

నోరు ఊరుకోలేదు. ‘నీ బొట్టు వల్లే పాట ఆగిపోతాందమ్మా. ఈ రోజు గూడా ఆగితే అన్న పని పోతాది, తెలుసునా?’ అన్నాను. ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

టకటకమని చప్పుడు. రెడ్డెప్ప సుద్దముక్కతో పలకను కొడుతున్నాడు. నేను తిరగ్గానే రాసి చూపించాడు: ‘ఆయమ్మను అనొద్దు.’ తుడిచాడు. ‘నా గొంతుకు గూడా రోజూ పెడతాది.’

అప్పుడు చూశాను ఆయన మెడను. ఆపరేషన్ రంధ్రానికి పైన సన్నగా విభూతి గీత ఉంది. ఆరలేదు ఇంకా. ఇన్ని వారాలు పలక చదవడానికే వంగాను గానీ మెడ వైపు చూడలేదు.

ఇంకోసారి రాశాడు: ‘గొంతు పోయినా మనిషి దక్కినాడు సాలంటాది.’

నా కోపం ఎటు పోయిందో తెలియదు. కళ్లు మండాయి, సాంబ్రాణి పొగ అని సర్దుకున్నాను. మాడ్యూల్ ఊడదీసి, పట్టీలు తుడిచి, సరోజమ్మ విసనకర్రతో విసురుతుంటే ఆరబెట్టాను. వస్తూ వస్తూ నా సంచిలో పడి ఉన్న గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి తీసి, మీటలకూ సందుకూ దూరంగా మూలన అతికించాను.

‘ఇంక మీదట బొట్టు ఈడ పెట్టమ్మా.’

‘ఈడ పెడితే సాలునా అప్పా?’ అని నన్నే అడిగింది, నేనేదో పూజారినైనట్టు.

‘సాలమ్మా’ అన్నాను.

బిళ్ల మీద జాగ్రత్తగా గంధం పెట్టి కుంకుమ అద్దింది. అదే కంప్యూటర్‌తో ఇద్దరం బస్సెక్కి మండీకి పోయాం. పాట మొదటి క్రేటు నుంచి చివరి క్రేటు దాకా ఆగలేదు. నారాయణప్ప అరుగు పక్కనే నిలబడి బోర్డు చూశాడు. తర్వాత కలకడ మనిషి ఊసెత్తలేదు.

నేను చదివిన కోర్సులో తేమ, దుమ్ము, ఉష్ణోగ్రత అన్నీ చెప్పారు. ఇంటి ఇల్లాలి శుక్రవారం గురించి చెప్పలేదు. వస్తువు మీద నమ్మకం ఉన్నచోట చెయ్యి పడకుండా ఉండదు. ఆ చేతికి చోటు చూపించడం కూడా రిపేరులో భాగమేనని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు చెడిపోయిందంటూ ఎవరు ఏ యంత్రం తెచ్చినా నేను మొదట అడిగేది వోల్టేజీ గురించి కాదు. ‘మీ ఇంట్లో దీనికి బొట్టు ఎవరు పెడతారు? యాడ పెడతారు?’